వేలిముద్ర పడని గోడ

మా మండలి పద్నాలుగో నంబరు సర్క్యులర్‌ని టైపు చేసింది నేనే. అందులో అచ్చుతప్పులేమైనా ఉంటే పూచీ నాది. తక్కిన తప్పులకి సంతకం డైరెక్టరు గారిది.

సర్క్యులర్ మొత్తం ఒక్కటే వాక్యం. "సంప్రదాయ రీతిలో నిర్మింపబడు ఏ కట్టడమునందైనను, ఏ రాయియైనను ముందుగా డిజిటల్‌గా పేర్చబడి, ధ్రువీకరింపబడిన పిదప మాత్రమే భౌతికముగా పేర్చబడవలెను." చదివిన వాళ్ళంతా బాగుందన్నారు. నాకూ బాగానే అనిపించింది. ఆ వాక్యం మూలంగా నేను ఒక బడి కట్టాను, బిరుదు పొందాను, కొన్నాళ్ళు మనిషిగా లేకుండా పోయాను. అదెలా జరిగిందో వరసగా చెబుతాను.

నా పేరు ఫణిభూషణం. సంప్రదాయ నిర్మాణ డిజిటల్ పునరుజ్జీవన మండలిలో జూనియర్ అసిస్టెంటుని. మండలి పుట్టి అప్పటికి ఏడాది. మా డైరెక్టరు నిరంజనరావు గారు అంతకుముందు ఇరవయ్యేళ్ళు సిమెంటు రోడ్లు చూశారు. ఎక్కడో మూడు రోజుల సదస్సుకి వెళ్ళి, అక్కడ తెర మీద ఒక బొమ్మ చూశారు. తాపీ పట్టుకున్న ముసలాయన, ఆయన పక్కనే ల్యాప్‌టాపు. తిరిగొచ్చిన మనిషి వేరు. ఆఫీసులో సిమెంటు అన్న మాట వినబడితే ముఖం చిట్లించేవారు. మండలి మొదటి సమావేశంలో, రేపటి భవన నిర్మాత ఒక చేత తాపీ, ఒక చేత ట్యాబు ధరిస్తాడని ప్రకటించారు. మరి రాయి ఏ చేత్తో పట్టుకోవాలన్న అనుమానం నాకొచ్చింది గానీ, నేను ఆ సమావేశానికి మినిట్స్ రాస్తున్నాను. మినిట్స్ రాసేవాడికి అనుమానాలు రాకూడదు.

సున్నంతో, దగ్గర్లో దొరికే రాయితో, పర్యావరణానికి హాని లేకుండా, కంప్యూటర్ సాయంతో ఒక నమూనా కట్టడం కట్టాలని మండలి తీర్మానించింది. అందుకు గుండ్లకోన అనే పల్నాటి ఊరి బడిని ఎంచుకున్నారు. అక్కడి పాత బడి పదకొండేళ్ళ కిందట కట్టిన సిమెంటు స్లాబు. మేం వెళ్ళడానికి ముందటి వానాకాలంలో ఒక ఆదివారం కూలిపోయింది. ఆదివారం కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. అప్పట్నించీ అరవై ముగ్గురు పిల్లలు పశువుల ఆసుపత్రి వసారాలో కూర్చుని చదువుతున్నారు. నేను మొదటిసారి వెళ్ళిన రోజున వసారాకి ఆ చివర ఒక గేదెకి సూది వేస్తున్నారు, ఈ చివర మూడో తరగతి వాళ్ళు తొమ్మిదో ఎక్కం చెబుతున్నారు. గేదె అరిచినప్పుడల్లా ఎక్కం ఆగి, మళ్ళీ మొదటి నుంచి మొదలయ్యేది. పిల్లలకి ఎక్కాల కంటే గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు లాంటి పశురోగాల పేర్లే బాగా వచ్చు.

హెడ్మిస్ట్రెస్ మరియరాణి గారు యాభై దాటిన మనిషి. మాట తక్కువ. నమూనా కట్టడం గురించి నేను తెచ్చిన రంగుల కరపత్రాన్ని చివరిదాకా చదివి, మడిచి, హాజరు రిజిస్టర్లో పెట్టుకుని, వానలు పడేలోపు రెండు గదులు వస్తాయా అని ఒక్కటే అడిగారు. వస్తాయన్నాను.

"అయితే రాసివ్వండి," అన్నారు.

ఎనిమిదేళ్ళ సర్వీసులో నా చేత ఒక మాట రాయించుకున్న మొదటి మనిషి ఆమె. రాసిచ్చాను.

మేస్త్రీని వెతకడానికి నెల పట్టింది. సున్నంతో గోడ కట్టడం తెలిసినవాడు ఆ చుట్టుపక్కల ఒక్కడే మిగిలాడు. షేక్ దరియావలి, అరవై నాలుగేళ్ళు. సన్నగా, పొడుగ్గా, గోడకి చేరవేసిన నిచ్చెనలా ఉంటాడు. ఊళ్ళన్నీ సిమెంటులో పడ్డాక, పాత బావుల ఒరలూ పీర్ల సావిళ్ళ గోడలూ బాగుచేసుకుంటూ బతుకుతున్నాడు. రెండు గదుల బడి, అచ్చంగా సున్నంతో, అని నేను చెప్పగానే ఆయన పెరట్లోకి వెళ్ళి, ఇరవయ్యేళ్ళుగా పడి ఉన్న సున్నపు గానుగ రాయి మీద మట్టి తుడవడం మొదలుపెట్టాడు. గుండ్రటి గాడిలో సున్నమూ ఇసుకా పోసి, ఎద్దుల చేత ఆ రాయిని లాగించి నూరుతారు. ఆయన ఒప్పుకున్నాడని నాకు అలా తెలిసింది.

కంప్యూటరు తరఫున హనుమకొండ నుంచి సింధూర అనే అమ్మాయి వచ్చింది. ఇరవయ్యారేళ్ళ ఇంజనీరు. ఆమె తయారుచేసిన ప్రోగ్రాము నిజంగా తెలివైనది. కొండ నుంచి తెచ్చిన రాళ్ళు ఏ రెండూ ఒక తీరున ఉండవు. ఒక్కో రాయిని చుట్టూ తిప్పి ఫోనుకి చూపిస్తే, గోడలో ఏ సందులో ఏ రాయి చెక్కకుండా కూర్చుంటుందో అది చెబుతుంది. రాయి వృథా పోదు, సున్నం తక్కువ పడుతుంది. దరియావలి మూడు రోజులు ఆ ఫోను వంక చూడలేదు. పునాదికి కొలతలు వేస్తున్న నాలుగో రోజు, మూలకి సరిపడే రాయి ఏదా అని మాటొచ్చి, గుట్టలోంచి ఒకదాన్ని కంటితోనే ఏరి చూపించాడు. సింధూర ఫోనుని అడిగింది. ఫోను కూడా ఆ రాయే చెప్పింది.

"నీ ఫోనుకి కన్నుంది పాపా," అన్నాడు దరియావలి. "చెయ్యి లేదు, అంతే."

"చెయ్యి మీ దగ్గర నేర్చుకుందామనే వచ్చిన మేస్త్రీ," అంది సింధూర.

ఆ రోజు నుంచీ వాళ్ళిద్దరికీ మండలి అవసరం లేకుండా పోయింది. సరిగ్గా అప్పుడే మండలి రంగంలోకి దిగింది.

సర్క్యులర్ ప్రకారం ప్రతి రాయికీ గుర్తింపు సంఖ్య ఉండాలి. రాళ్ళు పదకొండు వేల నాలుగు వందలు. నమోదు కోసం కొత్త సాఫ్ట్‌వేరు చేయించే వ్యవధి లేక, వేరే శాఖ వాళ్ళు మనుషులకి వాడి పక్కన పెట్టినదాన్ని తెప్పించారు. అందులో తండ్రి పేరు నింపకపోతే తర్వాతి పేజీ రాదు. డైరెక్టరు గారికి ఫోను చేశాను. ఆయన కాసేపు ఆలోచించి, మూలాధారమును పితృస్థానమున పరిగణింపవలసిందని సెలవిచ్చారు. అన్ని రాళ్ళకీ తండ్రి పేరు 'కొండ' అని నింపాం. పుట్టిన తేదీ దగ్గర మళ్ళీ ఆగింది. కాలేజీలో భూగర్భ శాస్త్రం చెప్పే ఆయన్ని అడిగితే కోట్ల సంవత్సరాలన్నాడు. సాఫ్ట్‌వేరు పంతొమ్మిది వందల సంవత్సరం కంటే వెనక్కి పోదు. కాబట్టి గుండ్లకోన రాళ్ళన్నీ పంతొమ్మిది వందలవ సంవత్సరం జనవరి ఒకటిన, ఒకే తండ్రికి పుట్టాయి.

పది రోజులకి ఆరోగ్య శాఖ నర్సమ్మ ఒకావిడ స్కూటీ మీద వచ్చింది. ఈ ఊళ్ళో అరవై దాటిన వృద్ధులు ఒక్కసారిగా పదకొండు వేల నాలుగు వందల మంది పెరిగారనీ, అందరికీ బీపీ చూడమని పైనుంచి లిస్టు వచ్చిందనీ చెప్పింది. నేను రాళ్ళ గుట్ట చూపించాను. ఆవిడ బీపీ మిషను చంకన పెట్టుకుని గుట్ట చుట్టూ ఒకసారి తిరిగింది. 'అందుబాటులో లేరు' అని రాయడానికి వీల్లేదు, అందరూ ఎదురుగానే ఉన్నారు. చివరికి 'అందరూ నిలకడగా ఉన్నారు' అని రాసుకుని, నా చేత సాక్షి సంతకం పెట్టించుకుని వెళ్ళింది. ఆ సంతకానికి నేను ఈ రోజుకీ కట్టుబడి ఉన్నాను.

తర్వాత వేలిముద్ర యంత్రం వచ్చింది. పద్ధతి చాలా సులువు. సింధూర ముందు కంప్యూటర్లో ఒక రాయి పేరుస్తుంది. ఆ రాయి నంబరు యంత్రం మీద వస్తుంది. మేస్త్రీ బొటనవేలు పెడితే పచ్చలైటు వెలుగుతుంది. అప్పుడు నిజం రాయిని నిజం గోడ మీద పెట్టాలి. మొదటి రాయి నాడు డైరెక్టరు గారు స్వయంగా వచ్చారు. దరియావలి చేతులు కడుక్కుని, లుంగీకి తుడుచుకుని, బొటనవేలు పెట్టాడు. ఎర్రలైటు. రెండో బొటనవేలు పెట్టాడు. ఎర్రలైటు. పది వేళ్ళూ అయ్యాయి. 'ఇట్టి వ్యక్తి లేడు' అని తెర మీద అక్షరాలు వచ్చాయి.

దరియావలి వేళ్ళని ఎండలో తిప్పి చూసుకున్నాడు. ఏటి గులకరాళ్ళలా నున్నగా ఉన్నాయి.

"నలభయ్యేళ్ళు సున్నం పిసికితే గీతలు యాడుంటయ్ సారూ," అన్నాడు. "అయ్యన్నీ గోడలకంటుకు పొయినయ్యి."

ఎవరినీ నొప్పించాలని అన్న మాట కాదది. మినిట్స్‌లో రాయదగ్గ సంగతి కాదు కాబట్టి రాయలేదు.

డైరెక్టరు గారు తొణకలేదు. వ్యక్తి లేకపోవడం పనికి ఆటంకం కారాదన్నారు. దరియావలిని రికార్డుల్లో 'సహాయక మానవ వనరు'గా చూపాలనీ, ముద్ర పడే మనిషిని మేస్త్రీగా నియమించాలనీ అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పారు. ఆయన తప్ప తక్కిన సిబ్బంది అందరం వరసగా వేళ్ళు పెట్టాం. డ్రైవరుకి రెండు తడవలు పట్టింది. నాది ఒక్క తడవకే పడింది. జూనియర్ అసిస్టెంటు వేళ్ళంత శుభ్రమైన గీతలు ఇంకెవరి వేళ్ళకీ ఉండవు. అలా నేను మేస్త్రీనయ్యాను.

రోజూ పొద్దున ఏడింటికి గోడ పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాణ్ణి. దరియావలి రాయి ఎత్తి "సారూ" అనేవాడు. నేను వేలు పెట్టేవాణ్ణి. పచ్చలైటు. రాయి కూర్చునేది. రోజుకి రెండు వందల సార్లు. మొదటి వారం నాకు సిగ్గనిపించలేదు. రెండో వారం అనిపించింది. అరవై నాలుగేళ్ళ మనిషి రాయి మోసుకుని నా వేలు కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉంటే, స్టూలు మీద కూర్చోవడం కష్టంగా ఉంటుంది. లేచి రాళ్ళు అందించడం మొదలుపెట్టాను. మూడో వారం ఆయన నా చేతికి తాపీ ఇచ్చి సున్నం ఎంత పరవాలో చూపించాడు. ఎక్కువైతే రాయి ఈదుతుందట, తక్కువైతే రాళ్ళు ఒకదాన్నొకటి కొరుక్కుంటాయట. చేతులు మండేవి. సున్నంలో కలిపే కరక్కాయ, బెల్లం నీళ్ళ వాసనకి కందిరీగలు నన్ను పలకరించడానికి వచ్చేవి. ఫైళ్ళ మధ్య ఎనిమిదేళ్ళలో రానంత ఆకలి, మధ్యాహ్నం పన్నెండు కాకుండానే వేసేది.

గానుగ తిరుగుతుంటే లోపలి సున్నం ముందు గరగరమంటుంది, తర్వాత జరజరమంటుంది, చివరికి సద్దు చెయ్యడం మానేస్తుంది. సద్దు ఆగితే అది గోడకి సిద్ధమైనట్టు. దరియావలికి ఆ సంగతి వీపు తిప్పుకుని కూర్చున్నా తెలుస్తుంది. సింధూర ఆ శబ్దాన్ని ఫోనులో పట్టి, తెర మీద గీతలా కనబడేట్టు చేసింది. గీత వంకర్లు పోయి సాపుగా వస్తే సున్నం అయినట్టు. దరియావలి ఆ గీత వంక చాలాసేపు చూశాడు. ఈ ఒక్క ముక్క తన బుర్రకెక్కించడానికి తన తండ్రికి ఆరేళ్ళు పట్టిందని చెప్పాడు. తర్వాత ఆ గీతని ఇంకోసారి చూపించమన్నాడు. సంప్రదాయమూ సాంకేతికతా కలవడమంటే ఇదేనని నాకు తోచింది. దాన్ని నివేదికలో రాసి పంపాను. ఆ పేరా తీసేసి మిగతాది అచ్చువేశారు.

నెల తిరిగేసరికి నాకు 'డిజిటల్ స్థపతి' అనే బిరుదు ప్రకటించారు. ఆఫీసు హాల్లో పట్టు శాలువా కప్పారు. వంశపారంపర్య కౌశలమునకు నేను సాంకేతిక ప్రతిరూపమని డైరెక్టరు గారు ఉపన్యసించారు. నాకు తెలిసి మా వంశంలో గోడ కట్టినవాళ్ళు లేరు. మా తాత ఒకసారి గోడ మీంచి పడ్డాడు. మర్నాడు ఆ శాలువా తీసుకెళ్ళి, ఇది మీకు రావలసిందని దరియావలి చేతిలో పెట్టాను. ఆయన గుడ్డని వేళ్ళ మధ్య నలిపి చూసి, నీళ్ళు బాగా పట్టుకుంటుందన్నాడు. ఎండకి కొత్త గోడ గబగబా ఆరిపోకుండా తడి గోనెపట్టాలు కప్పి ఉన్నాయి, ఒక మూల మాత్రం పట్టా చాలలేదు. శాలువాని తొట్టిలో ముంచి అక్కడ కప్పాడు. సన్మానం చేరవలసిన చోటికే చేరిందనుకున్నాను.

గోడలు కిటికీ మట్టం దాకా లేచాయి. మే నెల మొదటి వారంలో ఒకరోజు దరియావలి రాయి ఎత్తాడు, నేను వేలు పెట్టాను, ఎర్రలైటు వెలిగింది. తుడుచుకుని పెట్టాను. ఎర్రలైటు. రాయి నంబరు ఏడు వేల రెండు వందల ఆరు. పది వేళ్ళూ అయ్యాక తెర మీద 'ఇట్టి వ్యక్తి లేడు' అని వచ్చింది. నేను వేళ్ళు ఎండలో తిప్పి చూసుకున్నాను. దరియావలి రాయి కింద పెట్టి వచ్చి, నా చెయ్యి పట్టుకుని తనూ చూశాడు. చూసి నవ్వాడు. ఆయన నవ్వడం నేను అదే మొదటిసారి చూడటం.

"ఇప్పుడయ్యావయ్యా మేస్త్రీవి," అన్నాడు. అప్పటిదాకా సారూ అని పిలిచిన మనిషి.

ఆ మాటకి నాకు శాలువా కప్పిన రోజు కంటే పదిరెట్లు సంతోషం కలిగింది. సాయంత్రానికి ఆ సంతోషం తగ్గింది. ఆఫీసులో హాజరు యంత్రం కూడా నన్ను లేడనే అంది. నేను ఎదురుగా నిలబడి ఉండగానే సూపరింటెండెంటు గారు నా కుర్చీ ఖాళీ అని రాసుకున్నారు. పోనీ కూర్చోమంటారా అని అడిగితే, లేని మనిషిని కూర్చోబెట్టే అధికారం తనకి లేదన్నారు. డాక్టరు చూసి, కొన్ని నెలలు సున్నం ముట్టకపోతే గీతలు మళ్ళీ వస్తాయన్నాడు. ఆ కొన్ని నెలలకి మండలి నన్ను 'గుర్తింపు పెండింగులో ఉన్న ఉద్యోగి' అనే కొత్త వర్గంలో చేర్చింది. ఆ వర్గంలో నేనొక్కణ్ణే.

పని ఆగిపోయింది. మిగతా సిబ్బందికి వేరే పనులు పురమాయించేశారు, కొత్త మేస్త్రీని నియమించాలంటే కమిటీ కూర్చోవాలి, కమిటీ వేసవి సెలవుల్లో ఉంది. వానలకి నెలన్నా లేదు. మరియరాణి గారు మూడు ఉత్తరాలు రాశారు. మూడోదానికి నేను రాసిచ్చిన కాగితం నకలు జతచేశారు. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకు నేను రెండు రోజులు సరిగా అన్నం తినలేకపోయాను.

మూడో ఉత్తరం చదివి డైరెక్టరు గారు ఒక చారిత్రక నిర్ణయం తీసుకున్నారు. భౌతిక జాప్యము డిజిటల్ ప్రగతికి ప్రతిబంధకము కారాదని నోట్ రాసి, మిగిలిన నాలుగు వేల చిల్లర రాళ్ళనీ 'సామూహిక ఆమోదం' కింద కంప్యూటర్లో ఒక్క పూటలో పేర్పించేశారు. కప్పు కూడా వేయించారు. తర్వాత ఆఫీసు హాల్లో పెద్ద టీవీకి అడ్డంగా రిబ్బను కట్టి, ఒక పెద్దమనిషి చేత కత్తిరింపించి, బడిని ప్రారంభించారు. అరవై ముగ్గురు పిల్లల పేర్లూ అందులోకి ఎక్కించారు. మొదటి రోజే హాజరు నూటికి నూరు. ఎవరికీ జలుబు కూడా లేదు. ముఖ్య అతిథి పిల్లలు ఎక్కడ కూర్చుంటారని అడిగారట. అది రెండో దశలో పరిశీలనలో ఉందని డైరెక్టరు గారు చెప్పారట.

నిర్మాణం పూర్తయినట్టు ధ్రువపత్రం గుండ్లకోనకి వచ్చింది. పని పూర్తయింది గనక వేలిముద్ర యంత్రాన్ని వాపసు తీసుకెళ్ళారు. మరియరాణి గారు ఆ పత్రాన్ని సగం కట్టిన గోడ దగ్గర నిలబడి, దరియావలికీ సింధూరకీ నాకూ రెండుసార్లు చదివి వినిపించారు.

"పని అయిపోయిందని వీళ్ళే అంటున్నారు కదా," అన్నారామె. "ఇక మనం చేసుకుంటుంటే ఆపడానికి ఇక్కడ ఏ పనీ లేదు."

మర్నాడు తెల్లవారేసరికి ఊరు ఊరంతా అక్కడుంది. రాళ్ళున్నాయి, సున్నం నానుతూ ఉంది, ఎద్దులున్నాయి. నేను లేని మనిషిని కాబట్టి నాకు సెలవు పెట్టే అవసరం కూడా రాలేదు. ఏ రాయికీ లైటు కోసం ఆగక్కర్లేకపోయేసరికి గోడ మొక్కలా లేచింది. సింధూర ఫోను పట్టుకుని గుట్ట చుట్టూ పరుగెత్తుతూ ఏ రాయి ఎక్కడో చెబుతుంటే, ఊళ్ళో ఆడవాళ్ళు ఆ నంబర్ల రాళ్ళని ఏరి అందించేవారు. ఒకావిడ తను ఎత్తిన ప్రతి రాయినీ ముందు బీపీ ఎలా ఉందని అడిగి గానీ అందించేది కాదు. కప్పుకి నాపబండలు పరిచి, పైన సున్నపు గచ్చు వేసి, ఇరవై మంది వరసగా కూర్చుని చెక్క బద్దలతో మూడు రోజులు కొట్టారు. ఆ చప్పుడు వింటూ ఆసుపత్రికొచ్చిన గేదెలు సూదికి బెదరడం కూడా మరిచాయట.

ఆ మధ్యలో దరియావలి ఒక మార్పు చేశాడు. కంప్యూటర్లో రెండో గది కిటికీ పశువుల ఆసుపత్రి వైపుంది. ఆయన మిట్టమధ్యాహ్నం గది మధ్యలో చొక్కా విప్పి నిలబడి, అటు తిరిగి ఇటు తిరిగి, కొండ గాలి వచ్చే వైపు చూసుకుని, కిటికీని అవతలి గోడకి మార్చాడు. సింధూర ఆ మార్పుని కంప్యూటర్లో ఎక్కిద్దామని చూసింది. పూర్తయిన కట్టడంలో మార్పులకి వీల్లేదని వచ్చింది. ఇరవయ్యో రోజున గచ్చు మీద ఆఖరి నునుపు పెట్టి దిగాడు దరియావలి. జూన్ పన్నెండున పిల్లలు లోపలికి వచ్చారు.

వారం తిరక్కుండా మండలి నుంచి సరిపోల్చు బృందం వచ్చింది. ఇద్దరు మనుషులు, ఒక లేజరు యంత్రం. బడి కొలిచి, కిటికీ దగ్గర ఆగి, తల ఊపుకుంటూ వెళ్ళిపోయారు. పది రోజులకి ఉత్తర్వు వచ్చింది. నేను టైపు చెయ్యని మొదటి ఉత్తర్వు అది. "కంప్యూటరునందలి కట్టడము మూలము. గుండ్లకోనయందలి కట్టడము మూలముతో సరిపోలని అనధికార నకలు. కావున నకలును పదిహేను దినములలో తొలగించి, విద్యార్థులు మూల కట్టడమునందు విద్య కొనసాగింపవలెను."

దరియావలికి చదివి చెప్పాను. ఆయన కోప్పడలేదు. కిటికీ మళ్ళీ అటు పెడితే ఊరుకుంటారేమో అడగమన్నాడు. పెడితే పిల్లలకి పేడ వాసన కొడుతుందని తనే అన్నాడు. కాసేపటికి వద్దులే అన్నాడు. తర్వాత గోడకి వీపు ఆనించి కూర్చుని, రెండు అరచేతులూ నేలకి ఆన్చి, సాయంత్రం దాకా లేవలేదు.

మరియరాణి గారు మాత్రం ఆ ఉత్తర్వుని కూడా మడిచి రిజిస్టర్లో పెట్టుకున్నారు. మర్నాడు మండలికి వినయంగా ఒక ఉత్తరం రాశారు. పద్నాలుగో నంబరు సర్క్యులరు రాళ్ళు పేర్చడానికే వర్తిస్తుందా, తీసెయ్యడానికి కూడానా, దయచేసి తెలుపగలరు. వర్తించదంటే తన సర్క్యులర్‌కి హద్దున్నదని డైరెక్టరు గారు ఒప్పుకున్నట్టవుతుంది. ఆయన ఒప్పుకోలేదు. నాలుగో రోజుకల్లా జవాబొచ్చింది. "నియమము ఉభయ దిశలకును వర్తించును. ముందుగా డిజిటల్ తొలగింపు, పిదప భౌతిక తొలగింపు. సంబంధిత ఇంజనీరు తక్షణమే అమలు చేయవలెను."

సంబంధిత ఇంజనీరు సింధూర. బడి మెట్టు మీద కూర్చుని, ల్యాప్‌టాపు ఒళ్ళో పెట్టుకుని అమలు చేసింది. తెర మీద రాళ్ళు పైనుంచి ఒక్కొక్కటీ ఆరిపోతుంటే నలుగురం చూశాం. నాలుగు నిమిషాలు పట్టింది. దరియావలికి పట్టలేదు, అది ఆయన కట్టింది కాదు. సింధూర కళ్ళు తుడుచుకుంది. ఎంతైనా తను కట్టిన మొదటి బడి.

రెండు రోజులకి కూల్చే యంత్రం ఊళ్ళోకి వచ్చి ఆగింది. ఆ డ్రైవరుకి ఆదేశం నంబరు కావాలి. మండలిలో ఆదేశం పుట్టించాలంటే కట్టడం నంబరు కొట్టాలి. కొట్టారు. 'ఇట్టి కట్టడము లేదు' అని వచ్చింది. మళ్ళీ కొట్టారు. మళ్ళీ లేదు. తొలగించిన కట్టడాన్ని తొలగించమనడానికి సాఫ్ట్‌వేరు ఒప్పుకోలేదు, సాఫ్ట్‌వేరు ఒప్పుకోనిదాన్ని మండలి ఒప్పుకోదు. డ్రైవరు సాయంత్రం దాకా వేపచెట్టు నీడన పడుకుని, ఊళ్ళోవాళ్ళు పెట్టిన జొన్నరొట్టె తిని, యంత్రం తోలుకుని వెళ్ళిపోయాడు. పిల్లల పేర్లు వాటంతటవే పశువుల ఆసుపత్రి వసారాకి బదిలీ అయ్యాయి. నేటికీ రికార్డు ప్రకారం వాళ్ళు అక్కడే చదువుతున్నారు.

జులైలో ఒకరోజు మధ్యాహ్నం కుండపోతగా వాన పట్టింది. డైరెక్టరు గారు అదే దారిన పక్క ఊరికి పోతున్నారు. మట్టి కుండలకి జీపీఎస్ అమర్చే కొత్త పథకం ఒకటి మొదలైంది. బడి ముందుకొచ్చేసరికి జీపు బురదలో దిగబడింది. ఆయన ఫైలు నెత్తిన పెట్టుకుని, కనబడిన మొదటి గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చారు. లోపల మరియరాణి గారు నాలుగో తరగతికి నదుల పాఠం చెబుతున్నారు. వచ్చినవాళ్ళు ఎవరైనా నిలబడి ఉంటే పిల్లల చూపు చెదురుతుందని, ఆయన్ని వెనక బెంచీ మీద కూర్చోమన్నారు. ఆ బెంచీ మీద నేనూ ఉన్నాను. వాన పడుతుంటే గోడలకి చెమ్మ దిగుతుందేమో కనిపెట్టి చూడమని దరియావలి నన్ను లోపల కూర్చోబెట్టాడు.

డైరెక్టరు గారు తల తుడుచుకున్నారు. పొడిగా ఉన్న గోడ మీద చెయ్యి వేసి చూశారు. కప్పు చూశారు. కిటికీ చూశారు. కిటికీలోంచి కొండ వైపు గాలి చల్లగా వస్తోంది. ఆయన ముఖంలో ఏదో మెల్లగా తెలుస్తున్నట్టు కనబడింది. ట్యాబు తీసి, చాలాసేపు వెతికి, ఊపిరి పీల్చుకున్నారు. ఇక్కడ ఏ కట్టడమూ లేదు.

"ఎవరు కట్టారు?" అని నన్ను గొంతు తగ్గించి అడిగారు.

రికార్డు ప్రకారం నేను. శాలువా కప్పింది నాకు. కాదంటే ఏమవుతుందో నాకు తెలుసు, గీతలు అప్పుడప్పుడే తిరిగొస్తున్న నా వేళ్ళకీ తెలుసు.

"దరియావలి మేస్త్రీ కట్టాడు సార్," అన్నాను. "నేను వేలు పెట్టానంతే."

ఆయన ఆ పేరు కూడా ట్యాబులో వెతికారు. అలాంటి మనిషి లేడు. డైరెక్టరు గారు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, చాలా నిబ్బరంగా అభిప్రాయం ప్రకటించారు.

"లేని వ్యక్తి లేని కట్టడమును నిర్మించుటయందు నిబంధనల ఉల్లంఘన ఏదియు కానరాదు."

అప్పుడే దరియావలి నెత్తిన గోనె కప్పుకుని లోపలికి వచ్చాడు. వాన మొదలైనప్పట్నించీ ఆయన కప్పు చుట్టూ, గోడల చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. బెంచీ మీద చోటు లేదు. డైరెక్టరు గారు ఒకసారి ఆయన్ని ఎగాదిగా చూసి, ఇటు జరిగి చోటిచ్చారు. దరియావలి కూర్చున్నాడు. ఆయన ఒంటి మీది నీళ్ళు డైరెక్టరు గారి ఫైలు మీద పడ్డాయి.

"ఒక్క చుక్క దిగలా," అన్నాడు దరియావలి, ఎవరితోననేది లేకుండా.

మరియరాణి గారు సుద్దముక్కతో బోర్డు మీద ఒక్క దెబ్బ కొట్టి మా వైపు చూశారు. పాఠం జరుగుతుంటే మాటలేమిటని అడిగారు. ముగ్గురం చేతులు కట్టుకున్నాం. వాన వెలవడానికి గంటన్నర పట్టింది. ఈలోపు డైరెక్టరు గారు రెండుసార్లు లేవబోయారు. గంట ఇంకా కొట్టలేదన్నారు మరియరాణి గారు. ఆయన మళ్ళీ కూర్చున్నారు.